యాక్సిడెంట్‌లో కాలు విరిగి బండి ఆగిపోయింది: పోయిన సంపాదన ఇన్సూరెన్స్ నుంచి ఎట్ల రాబట్టాలి?

కొండాపూర్_చింటు
మా బావ క్యాబ్ నడుపుతడు. వయసు 34, సొంత బండి, లోన్ ఉంది. గచ్చిబౌలి దగ్గర సర్వీస్ రోడ్డు అంచున బండి ఆపి డిక్కీ తీస్తుంటే వెనక నుంచి కారు వచ్చి గుద్దింది. కుడి మోకాలి కింద ఎముక విరిగి రాడ్ వేసిండ్రు. ఎఫ్‌ఐఆర్ అయింది, చార్జిషీట్ ఇంకా పడలేదు. ఇప్పుడు ఐదో నెల నడుస్తున్నది. గుద్దిన కారు ఇన్సూరెన్స్ తరఫున ఒకాయన ఇంటికొచ్చి, "ఐటీ రిటర్నులు లేవు కాబట్టి సంపాదన కింద ఏం రాదు, రెండున్నర లక్షలు తీసుకొని సంతకం పెట్టు" అంటున్నడు. నిజంగనే రాదా? ఈఎంఐలు ఆగిపోయినయి, ఇంట్ల అందరూ సంతకం పెట్టేయమంటున్నరు.

ట్రిబ్యునల్_ఫైలు
సంతకం పెట్టొద్దు. ఆ రెండున్నర లక్షల అంకె ఎక్కడిదంటే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద తీవ్ర గాయానికి ఇచ్చే మొత్తం అది. తప్పు ఎవరిదని తేల్చకుండానే ఇస్తారు, చనిపోతే 5 లక్షలు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఒప్పుకుని తీసుకుంటే సెక్షన్ 166 కింద వేసే అసలు కేసు రద్దయిపోతుందని చట్టంలోనే రాసి ఉంది. పోయిన సంపాదన లెక్కకట్టి అడిగేది ఆ 166 కిందే. అంటే సంతకంతో పోయేది ఆ హక్కే.

ఐటీ రిటర్ను లేకపోతే సంపాదన రాదన్నది తప్పు. రిటర్ను ఉంటే బలం, లేకపోతే వేరే సాక్ష్యంతో నిరూపించాలి. కూరగాయలు అమ్ముకునే వ్యక్తి కాలు పోయిన కేసులో (సయ్యద్ సాదిక్ కేసు, 2014) ఆదాయానికి కాగితం లేకపోయినా సుప్రీంకోర్టు నెలకు 6,500 లెక్కన వేసింది. క్యాబ్ నడిపే మనిషి దగ్గర అంతకన్నా ఎక్కువ కాగితమే ఉంటుంది.

స్టీరింగ్‌అన్న
పైన చెప్పింది కరెక్టు. చింటూ, ముందు మీ బావ ఫోన్ల యాప్ ఓపెన్ చేసి వారం వారం ఎర్నింగ్స్ దింపి పెట్టుకో. యాక్సిడెంట్‌కి ముందు ఏడాదివి మొత్తం. రెండు యాప్‌ల నడిపితే రెండిటివీ. క్యాష్ ట్రిప్పులు బ్యాంకు స్టేట్‌మెంట్ల కనవడయి, యాప్ స్టేట్‌మెంట్లనే ఉంటయి. గందుకే ఉత్త బ్యాంకు పాస్‌బుక్ పెడితే సగం సంపాదన కండ్లకే రాదు.

లెక్కలమాస్టారు
సంపాదన నష్టంలో రెండు పద్దులుంటాయి. వాటిని కలిపేసి అడగడం వల్లే చాలామందికి తక్కువొస్తుంది.

మొదటిది, చికిత్స కాలంలో పోయింది. మంచం మీద ఎన్ని నెలలున్నారో అన్ని నెలల ఆదాయం, అంతే. ఖర్చులు తీసేశాక నెలకు 25,000 మిగిలేదనుకుందాం, 6 నెలలు పని లేకపోతే 1,50,000.

రెండోది శాశ్వత వైకల్యం వల్ల ముందు ముందు పోయేది. పెద్ద మొత్తం ఇక్కడే ఉంది. నెల ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కలుపుతారు. ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు 40 శాతం, 40 నుంచి 50 మధ్య 25 శాతం, 50 నుంచి 60 మధ్య 10 శాతం. పర్మనెంట్ ఉద్యోగమైతే అవే 50, 30, 15. ఆ తీర్పు చావు కేసులో వచ్చినా గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని పప్పు దేవ్ యాదవ్ కేసులో (2020) సుప్రీంకోర్టు తేల్చింది.

తర్వాత వయసును బట్టి గుణకం. సరళా వర్మ తీర్పు (2009) పట్టికలో 31 నుంచి 35కి 16. అంటే 25,000కి 40 శాతం కలిపితే 35,000. ఏడాదికి 4,20,000. 16తో గుణిస్తే 67,20,000. ఇందులో సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో అంత వస్తుంది. 13 శాతం అని తేలితే 8,73,600. 25 శాతం అని తేలితే 16,80,000. మిగతా అంకెలన్నీ అవే, ఒక్క శాతం దగ్గరే ఎనిమిది లక్షల తేడా.

గాయాల కేసులో మనిషి బతికే ఉన్నాడు కాబట్టి సొంత ఖర్చుల కింద మూడోవంతు కోయకూడదు. ఆ కోత చావు కేసులకే. అవతలి వకీలు అలవాటుగా కోస్తే వెంటనే పట్టుకోండి.

బోనాల_బ్యాచ్
ఈ గుణకారాలు మా స్కూల్ల చెప్పి ఉంటే లెక్కల పీరియడ్‌కి ఒక్కడు కూడా గోడ దూకకపోవు మాస్టారూ. ఇంతకీ ఆ 13, 25 ఎవరు తేలుస్తరు? డాక్టరా, జడ్జా?

ఎముకల_గది
ఇద్దరూ. డాక్టరు చెప్పేది శరీరం లెక్క, జడ్జి తేల్చేది బతుకుతెరువు లెక్క.

వైకల్య సర్టిఫికెట్‌లో "కుడి కాలికి 40 శాతం" అని ఉంటే అది కాలికే, ఒంటి మొత్తానికి కాదు. మొత్తం శరీరానికి లెక్కేస్తే బాగా తగ్గుతుంది, మూడోవంతుకు దించడం కోర్టుల్లో మామూలు. పై లెక్కలో 13 అలా వచ్చిందే. రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పు (2011) మాత్రం అక్కడితో ఆగొద్దంటుంది. ఆ వైకల్యం ఆ మనిషి చేసే పనిని ఎంత దెబ్బతీసిందో ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు, విడిగా చూడాలి. ఎడమ చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలబడొచ్చు, డ్రైవరుకో వడ్రంగికో మొత్తం బతుకే పోతుందని ఆ తీర్పులోనే ఉదాహరణ ఉంది.

కుడి కాలంటే యాక్సిలరేటరు, బ్రేకు. కాబట్టి సర్టిఫికెట్‌లో ఉత్త శాతం రాయించుకుంటే చాలదు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, చీలమండ పైకీ కిందికీ ఎంత కదులుతోంది, కాలు ఎన్ని సెంటీమీటర్లు పొట్టిదైంది, కండ ఎంత కరిగింది, ఇవి కొలిచి రాయాలి. చీలమండ బిగిస్తే పాదం మడమ మీద తిరిగి బ్రేకు మీదకి వెళ్లడం ఆలస్యమవుతుంది. ఈ ముక్క డాక్టరు నోటి వెంట కోర్టులో రావాలి. కాగితంలో లేనిది ఆయనకు రెండేళ్ల తర్వాత బోనులో గుర్తుండదు.

ఇప్పుడే సర్టిఫికెట్‌కి పరుగెత్తొద్దు. ఈ ఎముక అతుక్కోవడానికి మామూలుగా 4 నుంచి 6 నెలలు పడుతుంది. అతికినట్టు ఎక్స్‌రేలో కనిపించి, ఫిజియోథెరపీ అయ్యాక, ఇక ఇంతకన్నా మెరుగవదు అన్న దశలో తీసుకోవాలి. ముందే తీసుకుంటే "ఇంకా చికిత్స సాగుతోంది, శాశ్వతం ఎలా అంటారు" అని ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టేస్తారు.

సర్వేనంబర్12
నాకు ఇన్సూరెన్స్ కంపెనీ వైపు పని తెలుసు కాబట్టి అక్కడ ఏం చూస్తారో చెప్తాను. స్టీరింగ్‌అన్న చెప్పిన యాప్ స్టేట్‌మెంట్‌ను అలాగే ఆదాయం అని పెడితే నిలబడదు. అందులోంచి సీఎన్‌జీ లేదా డీజిల్, సర్వీసింగ్, టైర్లు, బండి ఇన్సూరెన్స్, పర్మిట్ ఫీజులు తీసేసి అడగాలి. మీరు తీయకపోతే అవతలి వకీలు తీస్తాడు, మీరనుకున్నదానికన్నా ఎక్కువే తీస్తాడు. బిల్లులు చూపించి మీరే తీసేస్తే మిగిలిన అంకెకు విలువ ఉంటుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ ఐదు నెలలు బండి నిజంగా ఆగిందా, ఎవరికైనా ఇచ్చి నడిపించారా? జీతం డ్రైవరును పెట్టుకుని నడిపితే బండి సంపాదన పోలేదు, మీ బావ కష్టం విలువే పోయింది. డ్రైవరుకు నెలకు 18,000 ఇచ్చారనుకోండి, నష్టం ఆ 18,000 చుట్టూనే తిరుగుతుంది. ఫాస్టాగ్ లాగ్, యాప్ ట్రిప్పులు తెప్పిస్తే అన్నీ బయటపడతాయి. అక్కడ ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలు కూడా మసకబారతాయి.

స్టీరింగ్‌అన్న
@సర్వేనంబర్12 ఖర్చులు తియ్యాలంటే ఒప్పుకుంట. కానీ ఈఎంఐ కూడా ఖర్చు కింద తీసేయమంటరు కొందరు. అది న్యాయం కాదు. బండి అప్పు తీరుతుంటే ఆస్తి పెరుగుతున్నట్టే కదా.

సర్వేనంబర్12
అసలు వాయిదాను ఖర్చనలేం, నిజమే. వడ్డీ భాగం గురించి వాదన నడుస్తుంది. ఈఎంఐలు ఆగాయి, అవి కూడా విడిగా ఇప్పించండి అని మాత్రం అడగకండి. ఆదాయం ఒకసారి లెక్కేశాక ఈఎంఐ అందులోంచి కట్టేదే. ఒకే డబ్బు రెండుసార్లు అడిగినట్టవుతుంది.

కొండాపూర్_చింటు
బండి ఇంటి ముందే ఉంది, ఎవరికీ ఇయ్యలే. యాప్‌ల చివరి ట్రిప్పు యాక్సిడెంట్ రోజుదే.

ట్రిబ్యునల్_ఫైలు
మంచి సాక్ష్యం అది, ఆ పేజీ కూడా దింపండి. ఇవన్నీ ఎలక్ట్రానిక్ రికార్డులు కాబట్టి ఉత్త ప్రింటవుట్లు చెల్లవు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ రికార్డు ఎక్కడి నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి, పాత సాక్ష్య చట్టంలోని 65బి స్థానంలో వచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంట్ బ్రాంచిలో ముద్ర వేయించి తీసుకోండి.

ఇప్పుడు తొందరపడాల్సిన మాట. ఐదో నెల అన్నారు. 2019 సవరణతో సెక్షన్ 166(3) వచ్చింది, ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలి.

వకీల్‌సాబ్_పక్కింటోడు
ఆ గడువు మీద సుప్రీంకోర్టుల కేసు నడుస్తున్నది. ఆరు నెలలు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్ల మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిండ్రు. అంత భయం అక్కర్లే.

ట్రిబ్యునల్_ఫైలు
@వకీల్‌సాబ్_పక్కింటోడు ఉత్తర్వు సంగతి నిజమే, కానీ అది మధ్యంతరం. ఇప్పటికే గడువు దాటిపోయినవాళ్లకు ఊతం. చేతిలో ఇంకా రోజులున్నవాళ్లు దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. పైగా వడ్డీ సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కేస్తారు. వేయని ప్రతి నెలా ఆ వడ్డీ పోయినట్టే.

చార్జిషీట్ కోసం ఆగనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఆధార్, గుద్దిన కారు పాలసీ వివరాలతో వేసేయండి. చార్జిషీట్, వైకల్య సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయొచ్చు. ప్రతివాదులుగా గుద్దిన కారు డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ, ముగ్గురినీ చేర్చాలి. కారు నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లో కంపెనీ పేరు, పాలసీ గడువు కనిపిస్తాయి. ప్రమాదం రోజుకు పాలసీ బతికి ఉందో లేదో చూడండి.

ఎక్కడ వేయాలంటే, ప్రమాదం జరిగిన చోటు, మీరుండే చోటు, ప్రతివాది ఉండే చోటు, మూడింట్లో ఏదైనా. గచ్చిబౌలి కాబట్టి ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టు. ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు సిటీలో ఉంటే పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులోనూ వేయొచ్చు. కంపెనీ బ్రాంచి ఉన్నచోట వేసినా చెల్లుతుందని మాలతీ సర్దార్ కేసులో (2016) సుప్రీంకోర్టు చెప్పింది. వాయిదాలకు కుంటుకుంటూ వెళ్లేది మీ బావే కాబట్టి ఆయనకు దగ్గరేదో చూసుకోండి.

ఎల్బీనగర్_అక్క
మా వీధిలో ఒకామె టిఫిన్ బండి నడుపుతుంది, కారు గుద్ది చెయ్యి విరిగింది. అంతా చిల్లర వ్యాపారం, యాప్ లేదు, బ్యాంకు లేదు. ఆమెకేం దారి?

లెక్కలమాస్టారు
ఫోన్‌లో డబ్బులు తీసుకునే క్యూఆర్ కోడ్ ఉందా? ఉంటే ఆ జమలే ఆమె పద్దు పుస్తకం. దాంతోపాటు పాలు, పిండి, నూనె కొనే దుకాణం ఖాతా, గ్యాస్ సిలిండర్ల రసీదులు, బల్దియా ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, పీఎం స్వనిధి లోన్ తీసుకుని ఉంటే ఆ కాగితం. సరుకు ఇచ్చే దుకాణదారు వచ్చి సాక్ష్యం చెప్తే మరీ మంచిది.

ఏదీ లేకపోతే ట్రిబ్యునళ్లు కనీస వేతనం దగ్గర ఆగిపోతాయి. అదే కొలబద్ద కానక్కర్లేదని చంద్ర వర్సెస్ ముఖేశ్ కుమార్ యాదవ్ కేసులో (2021) సుప్రీంకోర్టు అంది. ఆ మాట వకీలు చేత ఎత్తించండి. ఇంటి పనికీ విలువుంది, చెయ్యి విరిగి వంట మనిషిని పెట్టుకుంటే ఆ జీతం రసీదు దాచమనండి.

పేస్లిప్
సాఫ్ట్‌వేర్ వాళ్లెవరైనా చదువుతుంటే, నెలనెలా జీతం పడింది కదా, నష్టమేముంది అనుకోకండి. వాడేసిన ఆర్జిత సెలవులు కూడా నష్టమే. ఆ సెలవులు తర్వాత డబ్బుగా మారేవి. హెచ్‌ఆర్ నుంచి తీసుకునే లేఖలో "సెలవులో ఉన్నారు" అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అందులో ఆర్జిత సెలవు ఎన్ని రోజులు, సిక్ లీవ్ ఎన్ని, జీతం కోతపడ్డవి ఎన్ని, షిఫ్ట్ అలవెన్స్ ఎంత పోయింది, ఆ త్రైమాసికం వేరియబుల్ పే ఎంత తగ్గింది, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. ముందు ఆరు నెలల పేస్లిప్పులు, ఫారం 16 జతచేయాలి.

జీతం లెక్కలో ఆదాయపు పన్ను, వృత్తి పన్ను మాత్రమే తీయాలి. పీఎఫ్, ఇన్సూరెన్స్ ప్రీమియం, లోన్ కోతలు తీసేసి చేతికొచ్చిన అంకె పెట్టేవాళ్లు నెలనెలా వేలు వదులుకుంటున్నారు.

లేఖ మీద సంతకం చేసినాయన, లేదా కంపెనీ అధికారమిచ్చిన మరొకరు, కోర్టుకొచ్చి "ఇది మా రికార్డే" అని చెప్పాలి. లేకపోతే ఆ కాగితానికి బలముండదు. లేఖ అడిగేటప్పుడే ఈ విషయం మాట్లాడుకోండి.

బోనాల_బ్యాచ్
హెచ్‌ఆర్‌ని కోర్టుకి రప్పించుడు అంటే అప్రైజల్‌కన్నా కష్టం అక్కా.

పేస్లిప్
సమన్లు వెళ్తే వస్తారు. వకీలు పిటిషన్ వేసి రికార్డుతో సహా పిలిపించవచ్చు.

ఎముకల_గది
ఒకటి మర్చిపోయాను. చికిత్స కాలం 6 నెలలు అని అడిగితే ఆ 6 నెలలకూ కాగితం కావాలి. డిశ్చార్జ్ సమ్మరీలో "6 వారాలు కాలు కింద మోపరాదు" అని ఉండి ఆపైన ఓపీ చీటీలు లేకపోతే ట్రిబ్యునల్ రెండు మూడు నెలలకే కుదిస్తుంది. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ చీటీ మీద "ఇంకో నెల డ్రైవింగ్ చేయరాదు" అని రాయమని అడగండి. చివర్లో, ఇక పనికి వెళ్లొచ్చని డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేదీ. ఆ తేదీ వరకే మొదటి పద్దు.

ఇంకోటి, ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ రెన్యువల్‌కి ఫారం 1-ఏ మెడికల్ సర్టిఫికెట్ కావాలి. పరీక్షించిన డాక్టరు ఫిట్ కాదని రాస్తే, డ్రైవరుగా సంపాదించే శక్తి పోయిందనడానికి దాన్ని మించిన కాగితం లేదు.

సర్వేనంబర్12
మీ బావ సర్వీస్ రోడ్డు మీద బండి ఆపాడన్నారు కదా, కంపెనీ పట్టుకునేది దాన్నే. తప్పు చోట ఆపాడు, హజార్డ్ లైట్లు వేయలేదు, కాబట్టి సగం తప్పు ఇతనిదే అంటుంది. 20 శాతం తప్పని తేలినా మొత్తం పరిహారంలో 20 శాతం కోత. పోలీస్ స్టేషన్ నుంచి సీన్ పంచనామా, రఫ్ స్కెచ్ కాపీలు ఇప్పుడే తీసుకోండి. బండి ఎడమ అంచుకు ఎంత దగ్గరగా ఉందో స్కెచ్‌లో కనిపించాలి. చుట్టుపక్కల సీసీటీవీ పాత ఫుటేజీ మీద కొత్తది రికార్డవుతూ పోతుంది, పోలీసులు తీసుకున్నారో లేదో రాతపూర్వకంగా అడగండి.

దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలని 2022 నియమాలున్నాయి. ఐదో నెల అంటున్నారు, ఆ రెండో నివేదిక వెళ్లిందా అని అడగండి.

కొండాపూర్_చింటు
హజార్డ్ లైట్లు వేసే ఉన్నయి, పక్క షాపాయన చూసిండు. ఆస్పత్రి దగ్గరే ఒక వకీలు కలిసి, వచ్చినదాంట్ల 30 శాతం ఇస్తే అన్నీ తనే చూసుకుంటనన్నడు. ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతున్నడు. ఇంకోటి, లోక్ అదాలత్‌కి పోతే తొందరగ అయితదంటున్నరు?

ట్రిబ్యునల్_ఫైలు
షాపాయన పేరు వెంటనే రాసిపెట్టుకోండి, పోలీసులకు వాంగ్మూలం ఇప్పించండి.

వచ్చినదాంట్లో ఇంత శాతమని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఖాళీ కాగితం, ఖాళీ చెక్కు మీద సంతకం అసలే వద్దు. ఆదాయ పరిమితిలో ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆ పరిమితి కూడా లేదు.

లోక్ అదాలత్ చెడ్డది కాదు. కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. వైకల్య సర్టిఫికెట్ చేతికి రాకముందే వెళ్తే లెక్కలమాస్టారు చెప్పిన రెండో పద్దు లేకుండానే రాజీ అయిపోతుంది. ముందు కేసు వేయండి, సర్టిఫికెట్ రానివ్వండి, డాక్టరు సాక్ష్యం అవనివ్వండి. అప్పుడు కంపెనీయే రాజీకి వస్తే అది బేరం. ఇప్పుడు చేస్తున్నది బేరం కాదు.

లెక్కలమాస్టారు
పిటిషన్‌లో ఎంత వేయాలో తెలియక తక్కువ అడిగామే అని తర్వాత బాధపడకండి. అడిగినదానికన్నా ఎక్కువ న్యాయమనిపిస్తే ట్రిబ్యునల్ ఇవ్వొచ్చని నాగప్ప కేసులో (2003) సుప్రీంకోర్టు చెప్పింది.

కొండాపూర్_చింటు
సోమవారం ఎల్బీనగర్ పోతున్నం. చివరి డౌటు, రెండేళ్లకు రాడ్ తీయాలని డాక్టర్ అంటున్నడు. అప్పటి ఖర్చుకు అప్పుడు మళ్ల కేసు వేయొచ్చా?

ఎముకల_గది
కుదరదు, ఇప్పుడే ఈ కేసులోనే అడగాలి. రాడ్ తీసే ఆపరేషన్‌కి ఎంతవుతుందో సర్జన్‌తో ఎస్టిమేట్ రాయించుకోండి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బండి నడపలేరు, ఆ వారాల సంపాదన కూడా అందులో భాగమే. ఎన్ని వారాల విశ్రాంతి అవసరమో ఆ ఎస్టిమేట్‌లోనే ఒక లైను రాయమనండి. లెటర్‌హెడ్ మీద, తేదీ వేసి, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్‌తో.